ఇంప్లాంట్ పన్ను ఎంత గట్టిది? క్యాప్ నుంచి స్క్రూ దాకా ఏ మెటీరియల్ ఎంత తట్టుకుంటుంది

ఊడిన పన్ను చోట ఇంప్లాంట్ పెట్టించుకుందామని క్లినిక్‌కి వెళ్తే చేతికి ఒక కొటేషన్ కాగితం వస్తుంది. అందులో టైటానియం ఇంప్లాంట్, పీఎఫ్‌ఎం క్యాప్, ఈమ్యాక్స్ క్యాప్, జిర్కోనియా క్యాప్ అని రకరకాల పేర్లుంటాయి. ఒక్కోదాని ఎదురుగా ఒక్కో రేటు, పక్కనే ఐదేళ్లు, పదేళ్లు, పదిహేనేళ్లు అంటూ వారంటీ. రేటు ఎక్కువున్నదే గట్టిదనుకుని చాలామంది సంతకం పెట్టేస్తారు. చిట్టీ ఎత్తి, దాచుకున్న డబ్బు తీసి అమ్మీకో అబ్బాకో పళ్లు కట్టించే ఇళ్లకి ఇది చిన్న నిర్ణయం కాదు.

ఈ వ్యాసంలో ఆ పేర్ల వెనక ఉన్న మెటీరియల్స్ ఏమిటో, ఏది ఎంత బరువు తట్టుకుంటుందో, ఎక్కడ విరుగుతుందో చూద్దాం. ముందుగా ఒక్క మాట. ఇంప్లాంట్ పన్ను ఒక్క వస్తువు కాదు, నాలుగు భాగాల గొలుసు. గొలుసులో అన్నిటికంటే గట్టి కడియాన్ని కొనడం కంటే, ఎప్పుడైనా విరిగితే సులువుగా మార్చుకోగలిగే భాగమే ముందు విరిగేలా చూసుకోవడం తెలివైన పని. ఇంట్లో ఫ్యూజ్ కాలిపోయి ఫ్రిజ్‌ని కాపాడినట్టు.

ఆ నాలుగు భాగాలు ఏవి?

మొదటిది ఎముకలో దిగే స్క్రూ ఆకారపు వేరు. దీన్నే అసలైన ఇంప్లాంట్ అంటారు. రెండోది దాని మీద కూర్చునే మెడ లాంటి ముక్క, పేరు అబట్‌మెంట్. మూడోది అబట్‌మెంట్‌ని ఇంప్లాంట్‌కి బిగించే చిన్న లోపలి స్క్రూ. నాలుగోది పైకి కనిపించే పన్ను, అంటే క్యాప్ లేదా క్రౌన్.

ఇందులో క్యాప్ విరిగితే కొత్తది చేయించుకోవచ్చు. లోపలి స్క్రూ వదులైతే మళ్లీ బిగించవచ్చు, విరిగితే చాలాసార్లు బయటికి తీసి మార్చవచ్చు. అబట్‌మెంట్ కూడా మార్చుకునే వీలుంది. కానీ ఎముకలో దిగిన ఇంప్లాంటే విరిగితే దాని చుట్టూ ఎముకని కొంత తొలిచి తీయాలి, ఎముక మానే దాకా ఆగాలి, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అందుకే అన్నిటికంటే కింద ఉన్న భాగం అన్నిటికంటే ఆఖరుకు విరగాలి.

నోట్లో పడే బరువు ఎంత?

మామూలుగా అన్నం, రొట్టె నమిలేటప్పుడు దవడ పళ్ల మీద పడే బలం ఎక్కువగా 50 నుంచి 150 న్యూటన్ల మధ్య ఉంటుంది. పది న్యూటన్లంటే సుమారు ఒక కిలో బరువు. అంటే 5 నుంచి 15 కిలోలన్నమాట. పళ్లు బిగబట్టి గట్టిగా కొరికితే దవడ పళ్ల దగ్గర 400 నుంచి 800 న్యూటన్ల దాకా, అంటే 40 నుంచి 80 కిలోల దాకా పోవచ్చు. ముందు పళ్ల దగ్గర ఇది చాలా తక్కువ. నిద్రలో పళ్లు కొరికే అలవాటున్నవాళ్లలో మాత్రం ఎక్కువ బలం ఎక్కువ సేపు పడుతుంది, పైగా పక్కకి రాపిడి తోడవుతుంది.

బరువు కంటే ముఖ్యమైంది లెక్క. రోజుకి మూడు పూటలు, పూటకి పావుగంట, నిమిషానికి 60 సార్లు నమిలితే రోజుకి 2,700 సార్లు. ఏడాదికి సుమారు పది లక్షల సార్లు. ఒక తీగని ఒక్కసారి వంచితే విరగదు. అటూ ఇటూ పదే పదే వంచితే విరుగుతుంది. ఇంప్లాంట్ భాగాలు విరిగిన కేసుల్లోనూ తరచుగా కనిపించే కారణం ఇదే. ఒక్క దెబ్బకి కాదు, లక్షల చిన్న దెబ్బలకి అలసిపోయి విరుగుతాయి. దీన్ని ఇంజనీర్లు ఫెటీగ్ అంటారు.

ఇంకో తేడా కూడా ఉంది. అల్లా ఇచ్చిన పన్నుకి వేరుకీ ఎముకకీ మధ్య 0.2 మిల్లీమీటర్ల మందంలో మెత్తటి పొర ఉంటుంది. అది స్కూటర్ షాకబ్జార్బర్ లాంటిది. బరువు పడితే పన్ను కొద్దిగా కదిలి సర్దుకుంటుంది. అంతేకాదు, అన్నంలో చిన్న రాయి తగిలినా వెంటనే మెదడుకి కబురు పంపుతుంది, నోరు ఆగిపోతుంది. ఇంప్లాంట్‌కి ఈ పొర లేదు. ఎముకకి నేరుగా అతుక్కుని ఉంటుంది. కాబట్టి ఎంత గట్టిగా కొరుకుతున్నామో అంత తొందరగా తెలియదు, పడిన దెబ్బ నేరుగా మెటీరియల్ మీదే పడుతుంది.

బలం అంటే ఒక్క నంబర్ కాదు

మెటీరియల్ బలాన్ని మెగాపాస్కల్ అనే లెక్కలో చెప్తారు. ఒక మెగాపాస్కల్ అంటే ఒక చదరపు మిల్లీమీటరు మీద ఒక న్యూటన్ బలం. వెయ్యి మెగాపాస్కల్ అంటే ఆ చిన్న చోటు మీద దాదాపు వంద కిలోలు.

జిర్కోనియా 1,000 మెగాపాస్కల్ అనీ, ఇంప్లాంట్‌లో వాడే శుద్ధ టైటానియం 550 అనీ చూసి, 'జిర్కోనియా టైటానియం కంటే రెట్టింపు గట్టిది' అనుకుంటే లెక్క తప్పుతుంది. మొదటి నంబర్ పింగాణీ జాతి వస్తువుని వంచి చూసింది, రెండోది లోహాన్ని లాగి చూసింది. రెండూ విరిగే తీరే వేరు.

మన లాడ్ బజార్ గాజులతో చెప్తే సులువుగా అర్థమవుతుంది. బంగారు గాజు కింద పడితే సొట్ట పడుతుంది, వంకర పోతుంది, కంసాలి మళ్లీ సరిచేస్తాడు. మట్టి గాజు గీతలు పడకుండా మెరుస్తూ ఉంటుంది, కానీ పడితే ఠక్కున రెండు ముక్కలు. లోహం విరిగే ముందు వంగుతుంది. పింగాణీ వంగదు, విరుగుతుంది. చిన్న బీట ఒకటి మొదలైతే దాన్ని ముందుకి పోకుండా ఆపే గుణాన్ని టఫ్‌నెస్ అంటారు. ఈ టఫ్‌నెస్‌లో టైటానియం మిశ్రమం జిర్కోనియా కంటే పది రెట్లకు పైగా ముందుంటుంది.

కాబట్టి మూడు ప్రశ్నలు వేరువేరుగా అడగాలి. ఎంత బలానికి విరుగుతుంది? బీట మొదలైతే ఆపుకుంటుందా? లక్షల సార్లు నమిలాక కూడా అదే బలం మిగులుతుందా?

ఎముకలోని వేరు: టైటానియం ఎందుకు?

1952లో స్వీడన్‌లో పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ అనే వైద్యుడు కుందేలు ఎముకలో టైటానియం పరికరం పెట్టి పరిశోధన చేస్తుండగా, ఆ లోహం ఎముకకి విడదీయలేనంతగా అతుక్కుపోయినట్టు గమనించారు. 1965లో గోతెన్‌బర్గ్‌లో గోస్టా లార్సన్ అనే వ్యక్తికి తొలిసారి టైటానియం పంటి ఇంప్లాంట్లు పెట్టారు. ఆయన 2006లో చనిపోయే దాకా, అంటే నలభై ఏళ్లకు పైగా, అవి పనిచేశాయి. 1982లో టొరంటోలో జరిగిన సదస్సు తర్వాత ఈ పద్ధతి ప్రపంచమంతా పాకింది.

శుద్ధ టైటానియంని గ్రేడ్ 1 నుంచి గ్రేడ్ 4 దాకా విభజిస్తారు. గ్రేడ్ పెరిగే కొద్దీ అందులో ఆక్సిజన్ కొంచెం ఎక్కువ, బలమూ ఎక్కువ. ఇంప్లాంట్లకి ఎక్కువగా వాడేది గ్రేడ్ 4. దాని బలం కనీసం 550 మెగాపాస్కల్ ఉండాలి. ఆరు శాతం అల్యూమినియం, నాలుగు శాతం వెనేడియం కలిపిన మిశ్రమాన్ని గ్రేడ్ 5 అంటారు. దానికి కనీసం 895. అబట్‌మెంట్లు, లోపలి స్క్రూలు ఎక్కువగా దీంతోనే చేస్తారు, కొన్ని కంపెనీలు ఇంప్లాంట్ కూడా దీంతోనే చేస్తాయి. సుమారు 15 శాతం జిర్కోనియం లోహం కలిపిన టైటానియం కూడా మార్కెట్‌లో ఉంది. ఎముక సన్నగా ఉన్నచోట సన్నటి ఇంప్లాంట్ పెట్టాల్సి వస్తే అది పనికొస్తుంది.

టైటానియంకి ఇంకో మంచి గుణం దాని సాగుడు. ఎముక గట్టి పొర బిగువు 10 నుంచి 20 గిగాపాస్కల్. టైటానియంది సుమారు 105 నుంచి 115. జిర్కోనియాది 200కి పైనే. అంటే మూడింటిలో ఎముకతో పోలిస్తే టైటానియమే కొంచెం దగ్గర, జిర్కోనియా బాగా బిర్రు. లోహం వద్దనుకునేవాళ్లకి పూర్తిగా జిర్కోనియాతో చేసిన ఇంప్లాంట్లు కూడా ఉన్నాయి. అయితే దశాబ్దాల అనుభవం ఎక్కువగా ఉన్నది టైటానియంకే.

పైన కనిపించే క్యాప్: నాలుగు రకాలు

పీఎఫ్‌ఎం: లోపల లోహం, పైన పింగాణీ పూత. 1960ల నుంచి వాడుకలో ఉన్న పాత పద్ధతి. మన దగ్గర లోపలి లోహం ఎక్కువగా నికెల్-క్రోమియం లేదా కోబాల్ట్-క్రోమియం. లోహం గట్టిదే, విరగడం అరుదు. పైపూత పింగాణీ మాత్రం 60 నుంచి 100 మెగాపాస్కల్ బలమే ఉంటుంది. అందుకే పీఎఫ్‌ఎంలో మామూలుగా వచ్చే ఫిర్యాదు పెచ్చు ఊడటం. లోపలి లోహం బూడిద రంగులో బయటపడుతుంది, నాలుకకి గరుకుగా తగులుతుంది. ఇంకో విషయం, కొందరికి నికెల్ పడదు. కృత్రిమ నగలు వేసుకుంటే చెవులు, మెడ దగ్గర దురద వచ్చేవాళ్లు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి.

లిథియం డైసిలికేట్: ఈమ్యాక్స్ పేరుతో ఎక్కువమందికి తెలిసింది. ఆ పేరుతో 2005లో మార్కెట్‌లోకి వచ్చింది. ఇది గాజు జాతి పింగాణీ. బలం సుమారు 360 నుంచి 500 మెగాపాస్కల్. వెలుగు లోపలికి పోయి బయటికి వస్తుంది కాబట్టి అచ్చం సొంత పన్నులా కనిపిస్తుంది. ముందు పళ్లకి బాగుంటుంది. వెనక దవడ పళ్లలోనూ ఒంటి క్యాప్‌గా వాడతారు. కానీ వెనక పళ్లలో బ్రిడ్జికి ఇది సరైనది కాదు.

జిర్కోనియా: ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తున్న పేరు. దీని గురించి కింద విడిగా చెప్తున్నాం.

యాక్రిలిక్, కాంపోజిట్: ప్లాస్టిక్ జాతి. బలం 65 నుంచి 150 మెగాపాస్కల్ మధ్య. ఇంప్లాంట్ పెట్టిన కొత్తలో వేసే తాత్కాలిక పన్నుకి ఇవి వాడతారు. మెత్తగా ఉండటం ఇక్కడ లాభమే. త్వరగా అరిగిపోతాయి, చిట్లుతాయి, అయితే క్లినిక్‌లోనే అదే రోజు అతికించి సరిచేయవచ్చు.

జిర్కోనియాలో ఏ జిర్కోనియా?

ఆభరణాల షాపుల్లో అమెరికన్ డైమండ్ అని అమ్మే మెరుపు రాయి ఉంటుంది కదా, దాని అసలు పేరు క్యూబిక్ జిర్కోనియా. పంటి క్యాప్‌లో వాడేదీ అదే రసాయనం, జిర్కోనియం ఆక్సైడ్. తేడా అంతా లోపల రేణువుల అమరికలో ఉంది. దాన్ని నిలబెట్టడానికి ఇట్రియా అనే పదార్థాన్ని కొద్దిగా కలుపుతారు.

ఇట్రియా మూడు శాతం కలిపితే వచ్చేదాన్ని 3వై అంటారు. దీని బలం 900 నుంచి 1,200 మెగాపాస్కల్. దీనికో వింత గుణం ఉంది. ఎక్కడైనా బీట మొదలైతే ఆ బీట అంచున ఉన్న రేణువులు తమ ఆకారం మార్చుకుని నాలుగు శాతం దాకా ఉబ్బుతాయి. ఉబ్బి బీటని రెండు వైపుల నుంచీ నొక్కేస్తాయి. 1975లో ముగ్గురు శాస్త్రవేత్తలు 'నేచర్' పత్రికలో ఈ గుణాన్ని వివరిస్తూ దీన్ని పింగాణీ ఉక్కు అనవచ్చా అని శీర్షికలోనే అడిగారు. అయితే 3వై తెల్లగా, కాస్త సుద్దముక్కలా కనిపిస్తుంది.

అందంగా, వెలుగు పారేలా ఉండాలని ఇట్రియాని ఐదు శాతానికి పెంచితే 5వై వస్తుంది. అప్పుడు అందులో సగం దాకా అమెరికన్ డైమండ్ తరహా అమరికే ఉంటుంది. చూడటానికి బాగుంటుంది. కానీ బీటని నొక్కేసే గుణం దాదాపు పోతుంది. బలం 500 నుంచి 700 మెగాపాస్కల్‌కి పడిపోతుంది, టఫ్‌నెస్ ఈమ్యాక్స్ దగ్గరికి వచ్చేస్తుంది. ఈ రెండింటి మధ్య 4వై ఉంది, అందం, బలం రెండూ మధ్యస్థం.

కొటేషన్‌లో మాత్రం మూడింటికీ 'జిర్కోనియా' అనే రాస్తారు. అల్ట్రా, సూపర్, ప్రీమియం అనే మాటలు కలిస్తే రేటు పెరుగుతుంది. పేరులో అల్ట్రా ఉన్నది ఎక్కువ బలమైనది కాకపోవచ్చు, ఎక్కువ వెలుగు పారేది కావచ్చు. నవ్వితే కనిపించే ముందు పంటికి 5వై మంచిదే. వెనక దవడలో, అందులోనూ బ్రిడ్జికి అయితే 3వై లేదా 4వై అడగాలి.

జిర్కోనియా మీద పింగాణీ పూత వేసే పద్ధతి ముందొచ్చింది. అందులో లోపలి జిర్కోనియా బాగానే ఉండేది, పైపూత పెచ్చులు ఊడేది. అందుకే ఇప్పుడు వెనక పళ్లకి పూత లేకుండా మొత్తం ఒకే ముక్కగా చేస్తున్నారు. దీన్ని మోనోలిథిక్ అంటారు. 'గట్టి జిర్కోనియా ఎదుటి పన్నుని అరగదీస్తుంది' అనే భయం చాలామందిలో ఉంది. నున్నగా పాలిష్ చేసిన జిర్కోనియా ఎదుటి పంటిని అంతగా అరగదీయదు. పాలిష్ చేయని గరుకు జిర్కోనియానే ఆకురాయిలా పనిచేస్తుంది. క్యాప్ బిగించాక ఎత్తు ఎక్కువైందని డాక్టరు మెషిన్‌తో అరగదీస్తే, ఆ తర్వాత మళ్లీ పాలిష్ చేయాలి. లేకపోతే గరుకుతనంతో పాటు కంటికి కనిపించని బీటలూ మిగిలిపోతాయి.

కంటికి కనిపించని చోటే అసలు ఒత్తిడి

క్యాప్ గురించి గంట మాట్లాడేవాళ్లు లోపలి స్క్రూ గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు. నిజానికి ఇంప్లాంట్ పంటిలో తరచుగా ఇబ్బంది పెట్టేది ఆ చిన్న స్క్రూనే.

దాన్ని చేత్తో బిగిస్తే సరిపోదు. లెక్క చూపించే టార్క్ రెంచ్‌తో బిగించాలి. చాలా కంపెనీల అబట్‌మెంట్ స్క్రూలకి 25 నుంచి 35 న్యూటన్ సెంటీమీటర్లు చెప్తారు. సరిగ్గా బిగిస్తే స్క్రూ వెంట్రుకవాసి సాగుతుంది, స్ప్రింగ్‌లా వెనక్కి లాగుతూ రెండు ముక్కల్నీ అదిమి పట్టుకుంటుంది. తక్కువ బిగిస్తే వదులవుతుంది. ఎక్కువ బిగిస్తే అరగడమో విరగడమో జరుగుతుంది. మొదటిసారి బిగించిన కొద్ది నిమిషాలకి గరుకులు సర్దుకుని పట్టు కొంచెం తగ్గుతుంది కాబట్టి, పది నిమిషాలు ఆగి రెండోసారి బిగించడం మంచి పద్ధతి.

ఇంప్లాంట్ పన్ను కదులుతున్నట్టు అనిపిస్తే అందరూ ఇంప్లాంటే ఊడిపోతోందని భయపడతారు. ఎక్కువసార్లు వదులయ్యేది లోపలి స్క్రూ. వెంటనే వెళ్తే బిగించడంతో పని అయిపోతుంది. 'నొప్పి లేదు కదా, ఈద్ అయ్యాక చూద్దాం' అని వాయిదా వేస్తే, వదులైన స్క్రూ మీద ప్రతి నములుకీ వంపు పడుతుంది. చివరికి స్క్రూ విరుగుతుంది, లేదా ఇంప్లాంట్ మెడ దగ్గర బీట పడుతుంది.

అబట్‌మెంట్ విషయానికొస్తే టైటానియంతో చేసినదే గట్టిది. ముందు పళ్లలో చిగురు పల్చగా ఉంటే బూడిద రంగు కనిపించకుండా జిర్కోనియా అబట్‌మెంట్ వేస్తారు. అది ఇంప్లాంట్‌లోకి దిగే చోట కూడా జిర్కోనియానే అయితే రెండు సమస్యలు. సన్నగా ఉండే ఆ భాగం విరగవచ్చు. లేదా గట్టి జిర్కోనియా కింద మెత్తటి టైటానియంని అరగదీయవచ్చు. అందుకే కింది భాగం టైటానియం, పైభాగం జిర్కోనియా ఉండే టీఐ-బేస్ పద్ధతి ఎక్కువగా వాడుతున్నారు. లోహం మీద లోహం, పైన పన్ను రంగు.

ఇంప్లాంట్ ఒక కంపెనీది, అబట్‌మెంట్ ఇంకో కంపెనీది అయినప్పుడు కూడా జాగ్రత్త కావాలి. చూడటానికి సరిపోయినట్టే ఉంటుంది. మధ్యలో వెంట్రుకలో సగం సందు ఉన్నా ఆ లోటుని స్క్రూ మోయాలి.

మందం, వెడల్పు, ఎత్తు

మంచి మెటీరియల్‌ని సన్నగా చేస్తే బలం ఉండదు. వంచే బలం విషయంలో మందం సగానికి తగ్గితే తట్టుకునే బరువు నాలుగో వంతుకి పడిపోతుంది. కర్ర మంచం పట్టీ సన్నదైతే ఏ టేకు అయినా ఒకటే. ఈమ్యాక్స్‌కి సుమారు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం ఉంటే మంచిది. 3వై జిర్కోనియా అంతకంటే సన్నగా ఉన్నా నిలుస్తుంది. పై పన్నుకీ కింది చిగురుకీ మధ్య చోటు తక్కువగా ఉన్నవాళ్లకి డాక్టరు జిర్కోనియా చెప్పడానికి ఒక కారణం ఇదే.

ఇంప్లాంట్ విషయంలో వెడల్పు ఇంకా ముఖ్యం. గుండ్రటి కడ్డీ వంపుని తట్టుకునే శక్తి దాని వ్యాసం ఘనంతో పెరుగుతుంది. 3.3 మిల్లీమీటర్ల కడ్డీతో పోలిస్తే 4 మిల్లీమీటర్ల కడ్డీ సుమారు 1.8 రెట్లు తట్టుకుంటుంది. ఇంప్లాంట్ లోపల స్క్రూ కోసం రంధ్రం ఉంటుంది కాబట్టి సన్నటి ఇంప్లాంట్ గోడలు ఇంకా పలుచన. దవడ పన్ను చోట సన్నది పెడుతున్నారంటే ఎందుకో అడగాలి. ఎముక లేకపోవడం వల్ల అని చెప్తే అది సరైన కారణమే.

మూడోది ఎత్తు. ఎముక కరిగిపోయిన చోట క్యాప్ పొడుగ్గా చేయాల్సి వస్తుంది. పొడుగైన కొద్దీ అది గునపంలా పనిచేసి కింద వంపుని పెంచుతుంది. చిగురు జబ్బు వల్ల ఇంప్లాంట్ చుట్టూ ఎముక తగ్గినా ఇదే జరుగుతుంది. కాబట్టి రోజూ శుభ్రం చేసుకోవడం ఇన్‌ఫెక్షన్ రాకుండా చూడటానికే కాదు, విరగకుండా చూడటానికి కూడా.

పరీక్ష ఎలా చేస్తారు?

ఇంప్లాంట్ అలసటని పరీక్షించడానికి ఐఎస్‌ఓ 14801 అనే అంతర్జాతీయ ప్రమాణం ఉంది. ఇంప్లాంట్‌ని 30 డిగ్రీలు వాల్చి పట్టిస్తారు. ఎముక మూడు మిల్లీమీటర్లు కరిగిపోయిందని ఊహించి అంత మేర బయటికి వదిలేస్తారు. తర్వాత పొడిగా అయితే 50 లక్షల సార్లు, నీటిలో అయితే 20 లక్షల సార్లు నొక్కుతారు. కావాలనే కష్టమైన పరిస్థితి పెట్టి చూస్తారన్నమాట. మన లెక్క ప్రకారం 50 లక్షలంటే సుమారు ఐదేళ్ల నమలడం.

పింగాణీ జాతి మెటీరియల్స్‌కి ఐఎస్‌ఓ 6872 ఉంది. దాని ప్రకారం దవడ పన్ను కలిసిన మూడు పళ్ల బ్రిడ్జికి కనీసం 500 మెగాపాస్కల్ కావాలి. నాలుగు లేదా అంతకంటే ఎక్కువ పళ్ల బ్రిడ్జికి 800. కొన్ని 5వై రకాలు రెండో గీత దాటలేవని ఈ ఒక్క నంబర్‌తోనే తేలిపోతుంది.

దవడ మొత్తం పళ్లు కట్టించుకుంటే

'ఆల్ ఆన్ ఫోర్' అనే ప్రకటనలు నగరంలో చాలా చోట్ల కనిపిస్తాయి. పోర్చుగల్‌కి చెందిన డాక్టర్ పాలో మాలో బృందం 2003లో ప్రచురించిన పద్ధతి ఇది. నాలుగు ఇంప్లాంట్ల మీద ఒక దవడ పళ్లన్నీ నిలబెడతారు. వెనక రెండింటిని ఏటవాలుగా పెడతారు. దీనివల్ల ఆధారం వెనక్కి జరుగుతుంది, చివరి ఇంప్లాంట్ దాటి గాల్లో వేలాడే పళ్లు తగ్గుతాయి. బాల్కనీ ఎంత బయటికి పొడుచుకొస్తే అంత ప్రమాదం కదా, ఇదీ అంతే.

లోపల లోహపు కడ్డీ, పైన యాక్రిలిక్ పళ్లు పెడితే ఖర్చు తక్కువ, దెబ్బ మెత్తగా పడుతుంది, పన్ను ఊడితే అతికించవచ్చు. కానీ అరుగుతుంది, రంగు మారుతుంది. మొత్తం జిర్కోనియాతో చేస్తే అరగదు, మరక పట్టదు. అయితే ఎక్కడైనా పగిలితే ఒక పన్ను కాదు, దాదాపు సెట్టు మొత్తం కొత్తగా చేయించాల్సి వస్తుంది. రెండు కొటేషన్లు పోల్చేటప్పుడు మొదటి ఖర్చు ఒక్కటే కాకుండా రిపేరు ఖర్చు కూడా కలిపి చూడాలి. కామర్స్ భాషలో చెప్తే, కొన్న ధర వేరు, నడిపే ఖర్చు వేరు.

మన తిండి, మన అలవాట్లు

హలీం, ఖిచ్డీ, బిర్యానీ అన్నం వల్ల ఏ క్యాప్‌కీ ప్రమాదం లేదు. సమస్య వేరేచోట ఉంది. పాయాలో, మరగ్‌లో నల్లి బొక్కని పళ్లతో కొరికి పగలగొట్టడం, సుపారీని దవడ కింద పెట్టి పటుక్కుమనిపించడం, ఐస్ ముక్కలు నమలడం, సీసా మూత పళ్లతో తీయడం. వీటిలో బరువంతా ఒక్క చుక్క మీద పడుతుంది. నలభై కిలోలు పన్నంతా పరుచుకుంటే ఏమీ కాదు, సూదిమొన అంత చోట పడితే పింగాణీ పెచ్చు లేస్తుంది.

పొద్దున లేవగానే దవడలు పట్టేసినట్టుండటం, చెంప కండరాలు నొప్పిగా ఉండటం, పక్కన పడుకున్నవాళ్లు కిరకిర శబ్దం వినడం పళ్లు కొరికే అలవాటుకి గుర్తులు. ఇలాంటివాళ్లు ఇంప్లాంట్ కంటే ముందే ఆ మాట డాక్టరుకి చెప్పాలి. రాత్రి వేసుకునే నైట్ గార్డ్ ఖర్చు ఒక క్యాప్ ఖర్చు ముందు చాలా తక్కువ.

సంతకం పెట్టేముందు అడగాల్సినవి

ఇంప్లాంట్ కంపెనీ పేరు, సైజు, లాట్ నంబర్ ఉన్న స్టిక్కర్ నా కార్డు మీద అంటిస్తారా? దుబాయికో జెద్దాకో వెళ్లాక స్క్రూ వదులైతే అక్కడి డాక్టరుకి ముందు కావాల్సింది ఇదే.

జిర్కోనియా అయితే 3వైయా, 4వైయా, 5వైయా? పైన పూత ఉందా, ఒకే ముక్కా?

అబట్‌మెంట్ టైటానియమా, జిర్కోనియానా, టీఐ-బేసా? ఇంప్లాంట్ కంపెనీదేనా?

క్యాప్ స్క్రూతో బిగిస్తారా, సిమెంట్‌తో అతికిస్తారా? స్క్రూ అయితే రేపు రిపేరుకి తీయడం సులువు. సిమెంట్ అయితే చిగురు లోపల మిగలకుండా శుభ్రం చేయాలి, లేకపోతే ఎముక దెబ్బతింటుంది.

టార్క్ రెంచ్‌తో బిగిస్తారా? రంగు కాగితం కొరికించి ఎత్తు చూస్తారా?

వారంటీ దేనికి? చాలా వారంటీలు వస్తువుకి మాత్రమే ఉంటాయి. మళ్లీ తీసి పెట్టే డాక్టరు ఫీజు అందులో ఉందో లేదో కాగితం మీద రాయించుకోవాలి.

ఈ ప్రశ్నలకి ఓపికగా జవాబు చెప్పే క్లినిక్‌లో మామూలు మెటీరియల్ కూడా ఏళ్ల తరబడి నిలుస్తుంది. స్క్రూ వదులుగా, ఎత్తు ఎక్కువగా వదిలేస్తే ఎంత ఖరీదైన జిర్కోనియా అయినా మోసం చేస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు వెళ్లి స్క్రూ, చిగురు, కొరుకుడు చూపించుకోవడం మర్చిపోవద్దు. క్యాప్ మీద చిన్న పెచ్చు లేచినా, పన్ను కాస్త కదిలినా అది ఫ్యూజ్ ఇస్తున్న హెచ్చరిక. అప్పుడే వెళ్తే మార్చాల్సింది పైభాగమే, ఎముక జోలికి పోవాల్సిన పని రాదు.